వెనింగ్‌కి గాలి పట్టిన ఆదివారం

మా అక్క సుకేసి చేతిలో నాణెం ఉన్నన్నాళ్ళూ జకార్తాలో మా సందులో డాక్టరుకు పని ఉండేది కాదు. తలనొప్పి, ఒళ్ళునొప్పి, వాంతి, నీరసం, అత్తగారి మీద కోపం, ఏదైనా సరే, ఆమె లెక్కలో అది గాలే. చలికోటు లేకుండా బండి మీద తిరిగితే పట్టే గాలి, ఫ్యాను కింద నిద్రపోతే పట్టే గాలి, వానలో తడిస్తే పట్టే గాలి. వీపుకి బామ్ రాసి, డచ్చివాళ్ళ కాలం నాటి రాగి నాణెంతో వెన్నెముకకు అటూ ఇటూ చేపముల్లులా గీతలు గీసేది. గీత ఎంత ఎర్రబడితే లోపల అంత గాలి ఉన్నట్టు. ఆ తర్వాత అల్లం టీ, దుప్పటి, మూసిన కిటికీలు. కాసేపటికి మనిషి గట్టిగా త్రేన్చి, చెమట పట్టి, లేచి అన్నం అడిగేవాడు. నేను కూడా ఎన్నోసార్లు గీయించుకున్నాను. మొరటు వైద్యమని నవ్వేవాళ్ళతో నాకు పని లేదు. పనిచేసే చోట అది పనిచేస్తుంది. ఆ ఆదివారం దానికి చేతకాని చోట దాన్ని వాడాం.

ఆ రోజు మా ఇంట్లో పెళ్ళి మాటలు. అక్క కూతురు వెనింగ్‌ని అడగడానికి పెళ్ళికొడుకు దనాంగ్ వాళ్ళు మధ్యాహ్నం నమాజు అయ్యాక పళ్ళేలు పట్టుకుని వస్తామన్నారు. పిల్లా పిల్లాడూ ముందే ఒకరినొకరు చూసుకున్నారు, ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళు కూర్చుని మాట అనుకోవడమే తరువాయి. అక్క మొగుడు పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. మేడ మీది గదులు మాల్స్‌లో పనిచేసే ఆడపిల్లలకు అద్దెకిస్తాం. ఆ గదుల అజమాయిషీ నాది. నా నోరు చూసి ఆ పిల్లలు నన్ను పిన్నీ అంటూనే వణుకుతారు. వెనింగ్ కూడా మాల్‌లోనే, బట్టల కౌంటర్లో. రోజంతా జనం విప్పి పారేసిన చొక్కాలు మడతపెట్టడం దాని పని.

శనివారం సాయంత్రం అది చెప్పులు వేసుకుంటూ, "అమ్మా, రాత్రంతా స్టాకు లెక్కబెట్టే పని ఉంది. పొద్దున్నే రిరిన్‌తో వచ్చేస్తా" అంది. రిరిన్ మేడ మీద చివరి గదిలో ఉండే పిల్ల, దానితోపాటే పనిచేస్తుంది.

"రేపు మొగుడొస్తున్నాడు, ఇవాళ కూడా లెక్కలేంటే?" అన్నాను నేను.

"రేపటినుంచి నన్నెవరు తిరగనిస్తారు పిన్నీ?" అని నవ్వి పోయింది. లెక్కల పనికి పోయే పిల్ల తిరగడం గురించి ఎందుకు మాట్లాడిందని అప్పుడు నాకు తట్టలేదు.

పొద్దున ఎండ వాకిట్లోకి దిగి, వంటింట్లో కొబ్బరిపాలు మరుగుతుండగా బండి ఆగిన చప్పుడయింది. బైకు మీద ముగ్గురు. ముందు బాడుగ బండివాడు, మధ్యలో వెనింగ్, వెనక అది పడిపోకుండా వాటేసుకుని రిరిన్. వెనింగ్ దిగుతూనే వచ్చి నన్ను కౌగిలించుకుంది.

"పిన్నీ, నువ్వెంత మంచిదానివే పిన్నీ! నువ్వు తిడతావు గానీ నీ గుండె వెన్నే!"

పుట్టి బుద్ధెరిగాక అది నన్ను అంత మాట అనలేదు. దాని బనీను ఉతికి పిండకుండా తొడిగినట్టు తడిగా ఉంది. కళ్ళల్లో నల్లగుడ్డు ఎంత పెద్దదైందంటే గోధుమరంగు కనపడటమే లేదు. నోట్లో ఏమీ లేకుండానే దవడ అటూ ఇటూ ఆడుతోంది, పళ్ళు కిరకిరమంటున్నాయి. వేళ్ళు వణుకుతున్నాయి. ఒళ్ళు ముట్టుకుంటే పొయ్యి మీది అన్నం గిన్నె ముట్టుకున్నట్టుంది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి దాని మొహం చూసింది. "చూశావా? రాత్రంతా పిల్లని ఏసీ కింద నిలబెట్టేశారు! నిండా పట్టింది గాలి. దవడలు బిగుసుకుపోయాయి చూడు. ఒసేయ్ లస్మీ, టీ పెట్టు. అల్లం దండిగా వెయ్యి" అని నన్ను కేకేసింది.

రిరిన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది పెద్దమ్మా" అంది, ఎవరి కళ్ళలోకీ చూడకుండా.

అక్క దాన్ని లోపలి గదిలో బోర్లా పడుకోబెట్టి నాణెం తీసింది. మొదటి గీతకే ఎరుపు తేలింది. రెండో గీత ఇంకా ముదురు. మూడోది వంకాయ రంగుకి తిరిగింది. అక్క మొహంలో భయంతోపాటు ఒకరకమైన తృప్తి కూడా కనపడింది. తన మాట నిజమైతే ఏ మనిషికైనా ఉండే తృప్తే అది.

"చూడవే, ఎంత గాలో! ఇంత ఎరుపు మీ బావకి కూడా రాలేదు" అంది.

పక్కింటి జుమిలా తొంగిచూసి, "అబ్బో, బాగా పట్టేసింది అక్కా" అని తానూ ఓ దుప్పటి తెచ్చింది. ఫ్యాను ఆపారు. కిటికీలు మూశారు. బామ్ మీద బామ్ రాశారు. వెనింగ్‌కి దాని నాన్న జాకెట్ తొడిగి, రెండు దుప్పట్లు కప్పి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టారు. టీ గ్లాసు తరవాత టీ గ్లాసు పట్టించారు. పిల్ల కాసేపు నవ్వింది, కాసేపు అమ్మ చెయ్యి పట్టుకుని ముద్దులు పెట్టింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఇదంతా చూస్తూ నేను వంట చూసుకున్నాను. నాకు అనుమానం ఎప్పుడు పుట్టిందో చెప్తాను. గాలి పట్టినవాడికి త్రేన్పు రావాలి. గీస్తుంటేనే ఆవలింతలు వస్తాయి, త్రేన్పులు వస్తాయి, కింది నుంచి కూడా పోతుంది, అదేం సిగ్గుపడే విషయం కాదు. వీపంతా గీశారు, భుజాలు గీశారు, మెడ గీశారు. ఆ పిల్లకి ఒక్క త్రేన్పూ రాలేదు. పైగా గాలి పట్టినవాడి అరచేతులు చల్లగా ఉంటాయి. దీని చేతులు కాలిపోతున్నాయి.

"అక్కా, ఇది గాలిలా లేదే" అన్నాను.

"నీకేం తెలుసు? పొయ్యి చూసుకో పో."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మా అక్కకి. చిన్నప్పటినుంచీ అంతే.

ఇంకాసేపటికి వెనింగ్ లేచి కూర్చుంది. చెమట ఆగిపోయింది. ఒళ్ళు పొడిగా, ఎర్రగా ఉంది. దుప్పటి అంచు పట్టుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. చేతులు కలిపి, మధ్యకి విరిచి, చదును చేసి, పక్కన పెట్టి, మళ్ళీ ఏమీ లేని చోట నుంచి ఇంకోటి తీసి మడతపెట్టింది. కౌంటర్లో చొక్కాలు మడతపెడుతోంది పిచ్చిపిల్ల.

"వెనింగ్, నేనెవర్నే?" అన్నాను.

నన్ను చూసి మర్యాదగా నవ్వి, "మీ సైజు లోపల ఉందేమో చూస్తానండీ" అంది.

అక్క మాత్రం, "గాలి తలకెక్కింది. కణతలు గీయాలి" అంటూ నాణెం అందుకుంది. నేను బయటికి పరిగెత్తాను.

రిరిన్ బట్టలుతికే అరుగు మీద తేలు కుట్టిన దొంగలా కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. దాని దవడ కూడా చిన్నగా ఆడుతోంది. అప్పుడు చూశాను ఆ సంగతి.

"ఇటు చూడవే. ఏం తింది అది?"

"ఏం తినలేదు పిన్నీ. రాత్రి నూడుల్స్..."

"నూడుల్స్ తిన్నది గాల్లో చొక్కాలు మడతపెడుతుందా? నన్ను ఎండు గడ్డి తినేదాన్ననుకున్నావా?"

అది ఏడవడం మొదలుపెట్టింది. "నేను చెప్తే పోలీసులొస్తారు పిన్నీ. సీసాలో ఉచ్చ పోయించి పరీక్ష చేస్తారు. నాది కూడా..."

"నీది కూడానా!"

నోరు మూసుకుంది. ఆలస్యంగా మూసుకుంది. నేను దాని జడ పట్టుకున్నాను. కొట్టడానికి కాదు, అది పారిపోకుండా.

"చూడు రిరిన్. పోలీసుల్ని నేను చూసుకుంటాను. నిన్ను ఇంట్లోంచి గెంటను, మీ ఊరికి ఫోను చెయ్యను, నా తల్లి మీద ఒట్టు. కానీ ఆ పిల్లకేమన్నా అయితే ఈ సందులో నిన్ను బతకనివ్వను. ఏం మింగింది?"

"ఇనెక్స్, పిన్నీ."

ఇనెక్స్ అంటే ఏమిటో జకార్తాలో చెవిటివాడిని అడిగినా చెప్తాడు. డిస్కో బిళ్ళ. మింగినవాళ్ళు ఆ మత్తులో తెల్లారి ఎండొచ్చినా తలలాడిస్తూనే ఉంటారు. స్టాకు లెక్కలు లేవు, పాడూ లేదు. పెళ్ళి కుదిరే ముందు ఆఖరి సరదా అని డిస్కోకి పోయారు.

"అందరూ వేసుకుంటారు పిన్నీ. ఎవరికీ ఏమీ కాదు. ఒళ్ళు తేలికైపోయి, ఎవర్ని చూసినా ప్రేమొస్తది. తర్వాత రెండ్రోజులు ఊరికే ఏడుపొస్తది, అంతే."

"ఎన్ని మింగింది?"

"నేను చూసింది ఒకటే. గులాబీ రంగుది."

"చూడంది?"

చూపు పక్కకి తిప్పింది. "నాకు తెలీదు."

"ఇలా ఒళ్ళు కాలిపోతే ఏం చేస్తారు మీరు?"

"చల్లగా ఉంచాలంటారు. ఏసీ కింద కూచోబెట్టి, బట్టలు వదులు చేసి..."

చల్లగా అన్న మాట వినగానే నాకు ఆ గది కళ్ళముందు కనపడింది. మూసిన కిటికీలు, ఆపిన ఫ్యాను, జాకెట్, రెండు దుప్పట్లు, వేడి టీ. నిప్పు అంటుకున్న మనిషికి మేం మూత పెట్టి ఊపిరాడనీయకుండా చేస్తున్నాం.

లోపలికెళ్ళి దుప్పట్లు లాగి అవతల పారేశాను. కిటికీ రెక్క తన్నాను. ఫ్యాను వేశాను. అక్క నా మీద పడి, "పిల్లని చంపేస్తావా! గీతలకి ఒళ్ళంతా తెరుచుకునుంది, గాలి గుండెకి పోతే అక్కడికక్కడే పోతుంది!" అని అరుస్తూ నన్ను గోడకి నెట్టింది. అది ఊరికే అన్న మాట కాదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతే మా దగ్గర దానికి పేరు కూర్చున్న గాలి. మా నాన్న అలాగే పోయాడు. ఆ భయంతోనే అక్క నాణెం నేర్చుకుంది.

జుమిలా వింటోందని అక్క చెవిలోకి వంగాను. "బిళ్ళ మింగిందే. డిస్కో బిళ్ళ. రిరిన్ చెప్పింది."

అక్క నన్ను చెంప మీద కొట్టింది. "నా కూతురు తలనొప్పికి కూడా మాత్ర వేసుకోదు!"

"అక్కా, కొట్టుకో. ఎన్నైనా కొట్టుకో. ముందు దాన్ని హాస్పిటల్‌కి తీసుకుపోదాం."

"అబద్ధం. ఆ రిరిన్ మేడ మీద ఏం చేసొచ్చిందో, నా పిల్ల మీదికి తోస్తోంది. పెదవి దాటితే పృథివి దాటుతుంది లస్మీ. ఇంకాసేపట్లో వాళ్ళొస్తున్నారు!"

మా ఇద్దరి మధ్యలో వెనింగ్ కొయ్యలా బిగుసుకుపోయింది. కళ్ళు పైకి తేలాయి, పళ్ళ మధ్య నుంచి నురగ వచ్చింది, మంచం కోళ్ళు టకటకలాడాయి. ఆ చప్పుడుకి అక్క నోరు మూతపడింది.

జుమిలా మొగుడికి షేర్ వ్యాను ఉంది. ముగ్గురం మోసుకెళ్ళి వెనక సీటులో వేశాం. నేను నీళ్ళ బకెట్ ఎక్కించి దారంతా తడిగుడ్డతో పిల్ల ఒళ్ళు తుడిచాను. సందు మొదట్లోనే దనాంగ్ వాళ్ళ కారు ఎదురయింది. అందరూ బాతిక్ చొక్కాలు, మెరిసే పళ్ళేలు, జిగురు బియ్యం మిఠాయిలు. వాళ్ళమ్మ హర్తీని అద్దం దించి, "ఏమైంది వదినగారూ?" అంది కంగారుగా.

"కాస్త గాలి పట్టింది వదినగారూ. కాస్త ఎక్కువ పట్టింది" అంది అక్క.

"అయ్యో, మేమూ వస్తాం పదండి."

రావద్దని ఎలా చెప్తాం? వెనకే వచ్చారు. కారులో దనాంగ్ కూడా ఉన్నాడు. చొక్కా మీద జాకెట్ వేసుకుని గొంతుదాకా జిప్పు లాక్కున్నాడు. వ్యానులోకి తొంగిచూడలేదు. కాబోయే పెళ్ళాం నురగలు కక్కుతుంటే వాడు రోడ్డు వంక చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. అంతకంటే తెలివితక్కువ ఊహ ఆ రోజు ఇంకోటి చెయ్యలేదు నేను.

హాస్పిటల్లో ఎమర్జెన్సీ గది తలుపుకి గడియ లేదు, ఒక తెర ఉంది అంతే. తెర బయట బల్ల మీద హర్తీని ఒళ్ళో పళ్ళెంతో కూర్చుంది. పక్కన మొగుడు, కొడుకు. లోపల ఒక కుర్ర డాక్టరమ్మ వెనింగ్ చంకలో జ్వరం కర్ర పెట్టి, తీసి చూసి, నమ్మలేక మళ్ళీ పెట్టింది. తర్వాత కేకలు వేసింది. ఐసు తెమ్మంది, దుప్పట్లు తడిపి తెమ్మంది, ఫ్యాన్లు తెమ్మంది.

"ఫ్యాన్లా!" అంది అక్క, ఏడుపు గొంతుతో.

డాక్టరమ్మ పిల్లని పక్కకి తిప్పి వీపు చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "దుప్పట్లు కూడా కప్పారా?"

"కప్పాం."

"ఏం మింగింది అమ్మా ఈ అమ్మాయి?"

అక్క తెర వైపు చూసింది. తెర కింద నుంచి హర్తీని చెప్పులు కనపడుతున్నాయి. "ఏం మింగలేదు డాక్టరుగారూ. గాలి పట్టింది."

నేను నోరు తెరిచాను. అక్క నా మణికట్టు పట్టుకుని నొక్కింది. ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

డాక్టరమ్మకి కోపం వచ్చింది. "గాలికి నా దగ్గర మందు లేదమ్మా. మీరు చెప్పకపోతే మెదడు జ్వరమని ఒక మందు ఇవ్వాలి, ఇంకేదో అని ఇంకో మందు ఇవ్వాలి. ఈలోపు ఈ పిల్ల లోపల ఉడికిపోతుంది. మీ పరువు రేపు చూసుకోండి. ఏం మింగింది?"

మంచం పక్కన మిషను వెనింగ్ గుండెని తరుముతున్నట్టు పీక్ పీక్ మంటోంది. అక్క కళ్ళు ఆ మిషను మీద, తెర మీద, మళ్ళీ మిషను మీద తిరిగాయి. పాతికేళ్ళుగా ఆ సందులో తలెత్తుకు తిరిగిన మనిషి. మొగుడు పోయాక కూతురి మీద ఒక్క మాట పడనివ్వని మనిషి. నా మణికట్టు వదిలేసింది.

"బిళ్ళ" అంది. తర్వాత తెర అవతలికి కూడా వినపడేలా గట్టిగా అంది. "డిస్కో బిళ్ళ మింగింది నా కూతురు. ఇనెక్స్. ఒకటి."

తెర కింద చెప్పులు లేచి నిలబడ్డాయి. "అల్లా!" అంది హర్తీని. "ముందే తెలిసింది, మావాడి అదృష్టం బాగుంది. చూశారా, మాల్‌లో పనిచేసే పిల్ల వద్దురా అంటే విన్నాడా? పద దనాంగ్. పదండి ఇంటికి."

తెర పక్కకి జరిగింది. దనాంగ్ లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఒకటి కాదు" అన్నాడు. "రెండు."

"నువ్వు నోరు మూసుకో! నీకేం తెలుసు!" అంది వాళ్ళమ్మ.

"నాకు తెలుసమ్మా. నేనే ఇచ్చాను." వాడి పెదాలు తెల్లబడి ఉన్నాయి. డాక్టరమ్మ వంక చూస్తూ చెప్పుకుపోయాడు. "గులాబీది ఎక్కట్లేదని అంది. తెల్లారాక నీలంది ఇంకోటి ఇచ్చా. అది వేరే మనిషి దగ్గర కొన్నా. మెల్లిగా ఎక్కుద్ది, గట్టిదీ అన్నాడు. తర్వాత వేడిగా ఉందంటే నీళ్ళు తాగించా. నీళ్ళు తాగితే ఏమీ కాదంటారు అందరూ. వద్దన్నా తాగించా. సీసా తర్వాత సీసా. పెద్ద సీసాలు. తర్వాత నేను ఇంటికొచ్చేశా, స్నానం చెయ్యాలి, చొక్కా ఇస్త్రీ చెయ్యాలని... రిరిన్‌కి చెప్పా, నా పేరు ఎత్తొద్దని."

"నీళ్ళు ఎంత?" అంది డాక్టరమ్మ.

"చాలా."

"మేం టీ కూడా పోశాం" అన్నాను నేను. "గ్లాసులు గ్లాసులు. ఒక్కసారి కూడా బాత్రూంకి పోలేదు."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి నర్సు మీద అరిచింది. రక్తంలో ఉప్పు ఎంతుందో ముందు చూడమంది, ఎక్కించబోతున్న సీసా ఆపి వేరేది తెమ్మంది. ఇంత నీళ్ళు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి మెదడు ఉబ్బుతుందట. ఆ మాట మాకెవరికీ తెలియదు. నీళ్ళు కూడా చంపుతాయని ఎవరికి తెలుసు?

అక్క దనాంగ్ వైపు నడిచింది. హర్తీని కొడుకుకి అడ్డం వచ్చింది, "చిన్నపిల్లాడు వదినగారూ" అంటూ. కొడుతుందనే అందరం అనుకున్నాం. కొట్టాలనే నేను కోరుకున్నాను కూడా. అక్క చెయ్యెత్తి వాడి మెడ మీద వేసింది. వేసి, అలాగే ఉంచింది.

"వదినగారూ, వీడు కాలిపోతున్నాడు."

"ఏం లేదండీ, పొద్దున్నుంచీ వాడికీ కాస్త గాలి..." అంటూ హర్తీని కొడుకు జాకెట్ జిప్పు ఇంకా పైకి లాగింది. ఆ గదిలో ఏసీ చల్లగా ఉంది మరి. వాడి నుదుటి మీద చుక్క చెమట లేదు.

అక్క ఆ జిప్పు పట్టుకుని కిందిదాకా లాగేసింది. జాకెట్ ఊడదీసింది. బాతిక్ చొక్కా గుండీలు తెగిపోయేలా లాగింది. "నువ్వెన్ని మింగావురా?"

"దానితోపాటే అత్తా. నీలంది కూడా."

అత్తా అన్నాడు. ఇంకా కాలేదు, ఇక కాదు, అయినా అన్నాడు. వాడి మోకాళ్ళు మడతపడ్డాయి. అక్క వాడి చంకల్లో చేతులు వేసి పట్టుకుని, "డాక్టరుగారూ! ఇంకొకడు! ఇక్కడ ఇంకొకడు ఉన్నాడు!" అని అరిచింది. కూతురి కోసం కూడా అంత గట్టిగా అరవలేదు. ఏం అరవాలో ఇప్పుడు తెలుసు గనక అరిచిందనుకుంటాను.

పక్కపక్క మంచాల మీద ఇద్దరినీ ఐసులో పెట్టారు. సాయంత్రందాకా మేం గోడకి ఆనుకుని నిలబడ్డాం. వెనింగ్ ఒంటి వేడి తగ్గింది. డాక్టరమ్మ ఉప్పు ఎక్కించింది. కానీ అప్పటికే లోపల కండలు కరిగి రక్తంలో కలిశాయి, మూత్రపిండాలు ఆగిపోయాయి, రక్తం గడ్డకట్టడం మానేసి సూది గుచ్చిన చోటల్లా కారింది. సాయంత్రం నమాజు పిలుపు వినపడే ముందు మిషను చప్పుడు మారింది. నేను అక్క మొహం చూడలేకపోయాను. గోడ సున్నం వైపు చూస్తూ ఉండిపోయాను.

డాక్టరమ్మ వచ్చి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అక్క ఏడవలేదు. ఒకటే అడిగింది. "నా దుప్పట్లా?"

ఆ డాక్టరు పిల్ల అబద్ధం చెప్పొచ్చు. ఎవరైనా చెప్పేవాళ్ళు. "బిళ్ళలే అమ్మా" అంది. ఆగింది. "దుప్పట్లు సాయం చెయ్యలేదు. పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే బతికేదేమో, నాకు తెలీదు."

అక్క తలూపింది. నిజం చెప్పినందుకు ఆ డాక్టరమ్మ మీద నాకు కోపం రాలేదు. నాకు కోపం దనాంగ్ మీద. ఇప్పటికీ ఉంది. వాడు బతికాడు. కాస్త ముందే పట్టుకున్నారు గనక, ఏమి మింగాడో అడిగిన వెంటనే చెప్పాడు గనక బతికాడు. ఆ సంగతి వాడి చేత చెప్పించింది, వాడి ఒంటి మీద చెయ్యి వేసింది మా అక్క. లేకపోతే వాళ్ళమ్మ వాడిని ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టేది.

శవాన్ని అప్పగించడానికి కాగితాలు తెచ్చేలోపు హర్తీని వచ్చింది. మధ్యాహ్నం అన్న మాటలకి సిగ్గు దాని మొహం మీదే ఉంది. అక్క కాళ్ళ దగ్గర కూలబడి, మోకాళ్ళు చుట్టేసుకుని ఏడ్చింది. "నన్ను క్షమించు వదినా. నీ బిడ్డని నేను... నా బిడ్డని నువ్వు..." మాటలు కూడటంలేదు దానికి. నేనైతే కాలు వెనక్కి లాక్కునేదాన్ని.

అక్క లాక్కోలేదు. దాని భుజం మీద చెయ్యి వేసి అంది.

"ఇంటికి తీసుకుపోయాక వాడికి దుప్పటి కప్పకు వదినా."